రూక్ ఎండింగ్‌లో ఒక బంటు తక్కువ, మూడోసారి రిపిటీషన్ క్లెయిమ్ చెల్లలేదు. ఎందుకు?

నల్లగడి (ప్రశ్న)

క్లాసికల్ చెస్ రేటింగ్ టోర్నమెంట్ గేమ్ ఇది. 90 నిమిషాలు, మూవ్‌కి 30 సెకన్ల ఇంక్రిమెంట్. ఇద్దరూ 1700 చుట్టుపక్కల రేటింగ్ వాళ్ళే. చివరికి డ్రా అయింది కానీ దారిలో రెండు చోట్ల అర్థం కాలేదు.

రాతలో రా అంటే రాజు, రూ అంటే రూక్ (ఏనుగు), + అంటే చెక్, ! అంటే మంచి మూవ్. నంబర్ పక్కన మూడు చుక్కలుంటే అది నలుపు మూవ్.

58వ మూవ్‌లో తెలుపు బంటుని ఇ5కి తోసింది. నలుపు 59వ మూవ్ ఆడాక బోర్డు మీద ఉన్నవి ఇంతే:

తెలుపు: రాజు డి5, రూక్ ఎ7, బంటు ఇ5.
నలుపు: రాజు ఇ8, రూక్ బి6. ఆడాల్సింది తెలుపు.

అక్కడి నుంచి:

60.రూ-హెచ్7 రూ-జి6 61.రూ-ఎ7 రూ-బి6 62.రూ-హెచ్7 రూ-జి6 63.రూ-సి7 రూ-బి6 64.రూ-ఎ7

ఇక్కడ నలుపు గడియారం ఆపి, "ఈ పొజిషన్ మూడోసారి, కాబట్టి డ్రా" అని ఆర్బిటర్‌ని (టోర్నమెంట్ రిఫరీని) పిలిచింది. ఆయన స్కోర్‌షీట్ చూసి క్లెయిమ్ చెల్లదన్నారు, తెలుపుకి 2 నిమిషాలు కలిపారు. 59వ మూవ్ తర్వాత, 61వ మూవ్ తర్వాత, ఇప్పుడు: మూడుసార్లూ ఉన్నవి అవే గడులు, అవే పావులు. తప్పెక్కడ?

రెండోది. గేమ్ సాగి 71వ మూవ్‌లో తెలుపు ఇ6 తోసింది. అప్పుడు రాజు డి5లో, తెలుపు రూక్ ఎ7లో, నలుపు రూక్ బి6లోనే ఉన్నాయి. నలుపు వెంటనే రూక్‌ని బి1కి దింపింది. ఇంజిన్ (చెస్ ప్రోగ్రామ్) మొదటి నుంచీ 0.00, అంటే సమానం అనే చూపిస్తోంది. అప్పటిదాకా 6వ వరుస వదలని రూక్ సరిగ్గా అప్పుడే ఎందుకు దిగాలి? ముందే దిగితే ఏమవుతుంది? దిగకుండా అక్కడే ఉంటే?

స్కోర్‌షీట్

మొదటి ప్రశ్నకి జవాబు మీ రాతలోనే ఉంది. 59...రూ-బి6 తర్వాత ఆడాల్సింది తెలుపు. 61...రూ-బి6 తర్వాతా తెలుపే. 64.రూ-ఎ7 తర్వాత ఆడాల్సింది నలుపు. బోర్డుని ఫోటో తీస్తే మూడూ ఒకేలా ఉంటాయి, రూల్ ప్రకారం మాత్రం మూడోది వేరే పొజిషన్. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) లాస్‌లో 9.2 అడిగేది మూడు విషయాలు: వంతు అదే ఆటగాడిది కావాలి, ఒకే రకం ఒకే రంగు పావులు అవే గడుల్లో ఉండాలి, రెండు వైపులా వేయడానికి వీలున్న మూవ్‌లన్నీ అవే కావాలి.

వంతు ఎక్కడ తారుమారైందో చూడండి. 60, 61 మూవ్‌లలో తెలుపు రూక్ ఎ7 నుంచి హెచ్7కి వెళ్ళి తిరిగొచ్చింది, అంటే రెండు మూవ్‌లు. 62 నుంచి 64 దాకా అదే ప్రయాణం హెచ్7, సి7, ఎ7 అని మూడు మూవ్‌లలో చేసింది. నలుపు మాత్రం జి6, బి6 అని రెండిట్లోనే ముగించుకుని కూర్చుంది. ఒక మూవ్ తేడాతో వంతు మారిపోయింది. తెలుపు కావాలని చేసిందో, చెయ్యి అలా వెళ్ళిందో గానీ పని జరిగింది.

63.రూ-సి7 దగ్గర నలుపు కూడా ఒక మూవ్ వృథా చేసి ఉంటే సరిపోయేది. 63...రూ-హెచ్6 ఆడాలి, 6వ వరుస వదిలినట్టూ కాదు. తెలుపు 64.రూ-ఎ7 ఆడితే ఇప్పుడు 64...రూ-బి6తో తెలుపు వంతుగా అదే పొజిషన్ నిజంగానే మూడోసారి వస్తుంది.

ఇక్కడే చాలామంది ఇంకో తప్పు చేస్తారు. ఆ 64...రూ-బి6ని బోర్డు మీద ఆడేసి, గడియారం నొక్కేసి, ఆ తర్వాత చెయ్యెత్తుతారు. అప్పటికి వంతు ఎదుటివాడిది, మీ క్లెయిమ్ హక్కు పోయింది. వరస ఇలా ఉండాలి:

ముందు ఆడబోయే మూవ్‌ని స్కోర్‌షీట్ మీద రాయండి. పావుని ముట్టుకోకండి. ముట్టుకుంటే ఆ మూవ్‌కి క్లెయిమ్ చేసే హక్కు లేదు, 9.4 చెప్పేది అదే. గడియారం ఆపండి (డీజీటీ గడియారాల్లో మధ్యనున్న బటన్). ఆర్బిటర్‌ని పిలిచి "ఈ మూవ్ ఆడబోతున్నాను, దీంతో ఇదే పొజిషన్ మూడోసారి" అని రాసినది చూపించండి. మొదటి రెండు సార్లు ఏ మూవ్ నంబర్ల తర్వాత వచ్చాయో ముందే పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటారు కొందరు. అది కుదరదు. షీట్ మీద మూవ్‌లు, గడియారంలో టైమ్, డ్రా ఆఫర్ గుర్తు, క్లెయిమ్‌కి సంబంధించినవి తప్ప వేరే నోట్స్ రాయకూడదు. నంబర్లు మనసులోనే ఉంచుకోండి.

ఎదుటివాడు మూవ్ ఆడటంతోనే మూడోసారి వచ్చేస్తే రాయాల్సిన పని లేదు. మీరేమీ ముట్టుకోకుండా గడియారం ఆపి క్లెయిమ్ చేస్తే చాలు.

ఇంకో మూడు చిన్న సంగతులు. ఒకసారి క్లెయిమ్ చేశాక "వద్దులెండి" అని వెనక్కి తీసుకోలేరు. క్లెయిమ్ చేయడమంటే డ్రా ఆఫర్ చేసినట్టే లెక్క, కాబట్టి క్లెయిమ్ తప్పయినా ఎదుటివాడు "సరే, డ్రా" అనొచ్చు. రాసి చూపించిన మూవ్‌తో చేసిన క్లెయిమ్ తప్పని తేలితే ఎదుటివాడికి 2 నిమిషాలు కలవడమే కాదు, మీరు ఆ రాసిన మూవే ఆడాలి.

వరసగా మూడుసార్లు రావాలన్న అపోహ కూడా ఉంది. అక్కర్లేదు. 1971లో బ్యూనస్ ఐరీస్‌లో జరిగిన క్యాండిడేట్స్ ఫైనల్ (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే మ్యాచ్) మూడో గేమ్ చూడండి, ఫిషర్‌కి పెట్రోసియన్‌తో. మొదటి రెండు సార్ల మధ్య పెట్రోసియన్ క్వీన్ వెళ్ళొచ్చింది, రెండో మూడో సార్ల మధ్య ఆయన రూక్ వెళ్ళొచ్చింది. దారులు వేరు, చేరిన చోటు ఒకటే. 34వ మూవ్ దగ్గర డ్రా అయిపోయింది.

నల్లగడి

వంతు మారిందన్నది అసలు తట్టలేదండీ, థాంక్స్. "వీలున్న మూవ్‌లన్నీ అవే కావాలి" అన్నది రూక్ ఎండింగ్‌లో ఎలాగూ వర్తించదు కదా?

స్కోర్‌షీట్

మీ గేమ్‌లో వర్తించదు. ఓపెనింగ్ దాటగానే వచ్చే రిపిటీషన్లలో వర్తిస్తుంది. మొదటిసారి ఆ పొజిషన్ వచ్చినప్పుడు ఆన్‌పాసాన్‌గా (రెండు గడులు దూకిన బంటుని పక్క బంటు వెంటనే తర్వాతి మూవ్‌లోనే) కొట్టే వీలుంటే, రెండోసారికి ఆ వీలు పోతుంది, కాబట్టి మొదటిది లెక్కలోకి రాదు. క్యాస్లింగ్ (రాజు, రూక్ ఒకే మూవ్‌లో కదలడం) కూడా అంతే. రాజు ఒకసారి కదిలి వెనక్కి వచ్చి కూర్చుంటే పావులన్నీ పాత గడుల్లోనే కనిపిస్తాయి, హక్కు మాత్రం పోయి ఉంటుంది. దాంతో లెక్క కదిలొచ్చిన తర్వాత నుంచి మొదలవుతుంది.

మూడోవరుస

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

మీ నలుపు ఆటగాడు పట్టుకున్నది ఫిలిడార్ పొజిషన్, 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడి పేరు మీద ఉన్నది. దాని కిటుకు రెండు ముక్కల్లో చెప్పొచ్చు: బంటు 5వ వరుసలో ఉన్నంతసేపూ రూక్ 6వ వరుసని కాపలా కాయాలి, బంటు 6కి రాగానే రూక్ కిందికి దిగి వెనక నుంచి చెక్‌లు ఇవ్వాలి. ఇది అందరూ బట్టీ పట్టేదే. ఎందుకన్నది పట్టుబడకపోతే గడియారంలో 40 సెకన్లున్నప్పుడు ముక్కలు తారుమారవుతాయి.

తెలుపుకి గెలవడానికి కావాల్సింది ఒక్కటే: రాజు 6వ వరుసకి చేరాలి. రాజు డి6కో ఇ6కో వస్తే వెనక వరుస మీద మేట్ బెదిరింపు మొదలవుతుంది. బంటు ఇ5లో ఉండగా రూక్ బి6లో ఉంటే రాజుకి డి6, ఇ6, ఎఫ్6 మూడూ మూతపడ్డట్టే. తెలుపు రూక్ 7వ వరుస మీద అటూ ఇటూ తిరగడం తప్ప చేయగలిగింది లేదు. ఆ తలుపు తెరవాలంటే బంటుని ఇ6కి తోయాలి, అప్పుడు బి6 రూక్ కాపలా తెగుతుంది.

కానీ బంటు ఇ6కి వెళ్ళిన క్షణమే రాజు తన గొడుగు పోగొట్టుకుంది. బంటు ఇ5లో ఉన్నప్పుడు వెనక నుంచి చెక్ వస్తే రాజు ఇ6లో దాక్కోవచ్చు, కింద బంటు అడ్డం. బంటే ఇ6లో కూర్చుంటే దాక్కోవడానికి గడి ఏది? అందుకే 71.ఇ6 రూ-బి1! 72.రా-డి6 రూ-డి1+ 73.రా-ఇ5 రూ-ఇ1+ 74.రా-ఎఫ్6 రూ-ఎఫ్1+, ఇలా పోతూనే ఉంటుంది. రాజు చెక్‌లు తప్పించుకోవడానికి జి6కి జారుకుంటే రూ-ఇ1 అని బంటు మీద పడాలి, రాజు మళ్ళీ ఎఫ్6కి రావాల్సిందే, మళ్ళీ ఎఫ్1 చెక్. రాజు చెక్ ఇచ్చే రూక్ మీదికి కిందికి నడిచొస్తే ఇ6 బంటు అనాథ.

బి1 కాకపోతే బి2 అయినా పనవుతుంది. దూరం ముఖ్యం. రాజు రూక్‌ని చేరేలోపు బంటు రాలిపోయేంత దూరం ఉండాలి. ఆఖరి వరుసకే వెళ్ళడం అలవాటు చేసుకుంటే ఆలోచించే పని ఉండదు.

దిగకుండా పక్కనుంచే చెక్‌లు ఇస్తే ఏమవుతుందో చూద్దాం. 71...రూ-బి5+ 72.రా-డి6 రూ-బి6+ 73.రా-ఇ5. ఇక్కడ కూడా రూ-బి1 అంటే బతుకుతుంది. కానీ అదే ఊపులో 73...రూ-బి5+ ఇస్తే 74.రా-ఎఫ్6, అయిపోయింది. 6వ వరుస మీద నుంచి చెక్ ఇద్దామంటే తెలుపు బంటే అడ్డం. ఎ8 మీద మేట్ బెదిరింపు ఉంది. 74...రూ-బి8 ఒక్కటే కనిపిస్తుంది, దానికి 75.రూ-హెచ్7! అని ఇంకో వైపు నుంచి వస్తుంది. 75...రా-ఎఫ్8 అంటే 76.రూ-హెచ్8 మేట్. 75...రా-డి8 అంటే 76.రూ-హెచ్8+ రా-సి7 77.రూ-కొట్టు-బి8 రా-కొట్టు-బి8 78.ఇ7, క్వీన్ అవుతుంది. ఒక్క చెక్ ఎక్కువ ఇచ్చినందుకు అర పాయింట్ పోయింది. "చెక్ ఉంది కదా, ఇచ్చేద్దాం" అన్న అలవాటు రూక్ ఎండింగ్‌లలో తీసేంత ప్రాణం ఇంకేదీ తీయదు.

ఇక ముందే దిగితే? అంటే 64వ మూవ్‌లో బంటు ఇ5లోనే ఉండగా రూక్ బి1కి వెళ్ళిందనుకోండి. రా-డి6 వచ్చేస్తుంది. గేమ్ ఇంకా పోలేదు, కానీ ఇప్పుడు దారి సన్నం. చేయాల్సింది రూ-ఇ1!, రూక్ బంటు వెనక నిలబడాలి. రా-ఇ6 వస్తుంది, ఎ8లో మేట్ బెదిరింపు. నలుపు రాజు కదలాలి, అదీ ఎఫ్8కే. ఇ ఫైల్‌కి (నిలువు వరుసకి) కుడివైపు మూడు ఫైళ్ళే ఉన్నాయి, ఎడమవైపు నాలుగు. రాజు పొట్టి వైపుకి పోయి పొడుగు వైపు రూక్‌కి వదలాలి. డి8కి పోతే రూక్‌కి పక్కనుంచి చెక్ ఇవ్వడానికి పొట్టి వైపే మిగులుతుంది, దూరం చాలదు. సరే, రా-ఎఫ్8 తర్వాత రూ-ఎ8+ రా-జి7. తెలుపు రూ-ఇ8 అని బంటుకి దన్నుగా రూక్‌ని పెట్టి రాజుని వదిలించుకోబోతే రూ-ఎ1!, ఇప్పుడు పొడుగు వైపు చెక్‌లు సిద్ధం. తెలుపు రూ-డి8 అని ఆ చెక్‌లకి అడ్డుపడే ఏర్పాటు చేస్తే మళ్ళీ రూ-ఇ1!, బంటు వెనకకి. రూక్ ఇలా ఇ1, ఎ1, ఇ1 అని తిరగడమే డిఫెన్స్ మొత్తం.

మొదట రా-డి6 వచ్చినప్పుడు రూ-ఇ1 బదులు చేతికందిన రూ-డి1+ చెక్ ఇస్తే రా-ఇ6 తర్వాత రూక్ బంటు వెనక లేదు. రా-ఎఫ్8, రూ-ఎ8+ రా-జి7 తర్వాత తెలుపు రాజు దర్జాగా ఇ7కి ఎక్కుతుంది. రూక్ ఇ1లో ఉండి ఉంటే ఇ7కి వెళ్ళగానే ఇ5 బంటుని చెక్‌తో కొట్టేది.

నల్లగడి

చాలా వివరంగా చెప్పారు. రూక్‌ని 8వ వరుసలోనే ఉంచి రాజు పక్కన కాపలా పెడితే చాలదా? కొన్ని గేమ్‌లలో అలా డ్రా చేసుకున్నవాళ్ళు కనిపిస్తారు. ఇంకోటి, బంటు ఇ ఫైల్‌లో కాకుండా ఎ ఫైల్‌లో ఉంటే కూడా ఇదేనా?

మూడోవరుస

8వ వరుసలో కట్టేసుకుని కూర్చునే డిఫెన్స్ ఎ, హెచ్, బి, జి ఫైళ్ళ బంట్లకి చెల్లుతుంది, నలుపు రాజు బంటు ముందే ఉంటే. కారణం తెలుపుకి బోర్డు చాలకపోవడమే. జి బంటు అనుకోండి, తెలుపు రూక్ ఇంకో వైపు నుంచి రావడానికి హెచ్ ఫైల్ ఒక్కటే మిగులుతుంది, అక్కడ తిరగడానికి చోటు లేదు. సి, డి, ఇ, ఎఫ్ బంట్లకి రెండు వైపులా చోటుంది కాబట్టి పైన చూసిన రూ-హెచ్7 లాంటి దెబ్బ పడుతుంది. తెలుపు రాజు 6వ వరుసకి చేరిందంటే మధ్య బంట్లకి ఆ డిఫెన్స్ వద్దు.

ఎ బంటుకి, అదీ తెలుపు రూక్ బంటు ముందు ఎ8లో ఇరుక్కుని ఉంటే, వాన్‌చురా అని వేరే పద్ధతి. ఆ పేరున్న చెక్ దేశస్థుడు కూర్చిన పొజిషన్, 1924లో అచ్చయింది. తెలుపు బంటు ఎ6, రూక్ ఎ8. నలుపు రాజు జి7లో, రూక్ ఎఫ్6లో పెట్టండి. రూక్ పక్కనుంచి ఎ6 బంటుని చూస్తూ ఉంటుంది, అందుకే తెలుపు రూక్ ఎ8 వదిలి రాలేదు. రాజు బి5కి వచ్చి బంటుని కాస్తే రూ-ఎఫ్5+. బి6కి వస్తే రూ-ఎఫ్6+. రాజు బంటుని వదిలి వెళ్ళగానే రూక్ తిరిగి ఎఫ్6కి. తెలుపు ఎ7 తోస్తే రూ-ఎ6 అని వెనకకి పోవాలి, ఆ తర్వాత నలుపు రాజు జి7, హెచ్7 అనే రెండు గడులు దాటకూడదు. బంటుని కొడదామని రాజు ఎఫ్7కి వస్తే రూ-హెచ్8!, నలుపు రూ-కొట్టు-ఎ7 అంటే రూ-హెచ్7+, రూక్ గోవిందా. ఈ కిటుకుకి బలైనవాళ్ళు ప్రతి టోర్నమెంట్‌లోనూ ఉంటారు.

గడియారం

టైమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, అది నేను చెబుతా.

రూక్‌కి ఎదురు రూక్ మిగిలిందంటే "ఇంకేముంది డ్రా" అనుకుని కూర్చుంటే కుదరదు. బంటు పోయి ఉత్త రూక్‌లే మిగిలినా అది దానంతటది డ్రా కాదు. ఏ విధంగా ఆడినా మేట్ పడే అవకాశమే లేని పొజిషన్ అయితేనే గేమ్ అక్కడికక్కడ ముగుస్తుంది. రూక్‌తో మేట్ పడుతుంది కాబట్టి జెండా పడినవాడు (టైమ్ అయిపోయినవాడు) ఓడిపోతాడు. ఎదుటివాడి దగ్గర గుర్రం ఒక్కటే ఉండి మీ దగ్గర రూక్ ఉన్నా సరే, మీ టైమ్ అయిపోతే ఫిడే లాస్ ప్రకారం ఓటమే. రాజు హెచ్8లో, సొంత రూక్ జి8లో ఇరుక్కుని, ఎఫ్7 గుర్రంతో మేట్ అయ్యే పొజిషన్ ఊహకి అందుతుంది కాబట్టి. చెస్ డాట్ కామ్‌లో అదే పొజిషన్‌కి డ్రా ఇస్తారు. ఆన్‌లైన్‌లో ఆడి ఆడి హాల్‌కి వచ్చినవాళ్ళు ఇక్కడ వాదన పెట్టుకుంటారు.

రిపిటీషన్ కూడా అంతే. చెస్ డాట్ కామ్‌లో మూడోసారి రాగానే గేమ్ దానంతటదే ఆగిపోతుంది. లిచెస్‌లో మూడోసారికి క్లెయిమ్ చేసుకోవాలి (సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్‌గా పెట్టుకోవచ్చు), ఐదోసారికి అదే ఆపుతుంది. హాల్‌లో మూడోసారికి ఆర్బిటర్ పక్కనే నిలబడి చూస్తున్నా నోరు విప్పరు. అడిగితేనే ఇస్తారు. ఐదుసార్లు వస్తేనో, బంటు కదలకుండా పావు కొట్టకుండా ఇద్దరూ చెరో 75 మూవ్‌లు ఆడితేనో ఎవరూ అడక్కపోయినా డ్రా.

50 మూవ్‌ల రూల్ (అలాగే చెరో 50 మూవ్‌లైతే డ్రా క్లెయిమ్ చేయొచ్చు) మీ గేమ్‌కి వర్తింపజేస్తే: చివరి బంటు మూవ్ 58.ఇ5. నలుపు 58వ మూవ్ నుంచి 107 దాకా యాభై, తెలుపు 59 నుంచి 108 దాకా యాభై. అంటే తెలుపు 108వ మూవ్ ఆడాక నలుపు ఏమీ ఆడకుండానే క్లెయిమ్ చేయొచ్చు. మధ్యలో 71.ఇ6 ఆడారు కదా, అక్కడితో లెక్క మళ్ళీ సున్నా. 71 నుంచి లెక్కేస్తే తెలుపు 121వ మూవ్ తర్వాత. తెలివైన తెలుపు ఆటగాడు బంటుని చివరిదాకా దాచుకుని 45 మూవ్‌లు రూక్ తిప్పి తిప్పి, అప్పుడు తోస్తాడు. అవతలివాడు అలసిపోతాడని.

30 సెకన్ల ఇంక్రిమెంట్ ఉన్న గేమ్‌లో టైమ్ ఎంత తక్కువున్నా మూవ్‌లు రాస్తూనే ఉండాలి కాబట్టి షీట్ మీ సాక్ష్యం. ఇంక్రిమెంట్ అంతకన్నా తక్కువుండి 5 నిమిషాల లోపుకి వచ్చాక రాయడం మానేసినవాళ్ళు రిపిటీషన్ నిరూపించలేక ఇబ్బంది పడతారు. ర్యాపిడ్‌లో (తక్కువ టైమ్ గేమ్‌లలో) అసలు రాయరు. అలాంటప్పుడు ఆర్బిటర్‌ని ముందే పిలిచి బోర్డు దగ్గర నిలబడి చూడమని అడగడం ఒక్కటే దారి.

మంత్రిలేదు

పైన అందరూ చెప్పింది సరే, ఒకటి మిగిలింది: రూక్‌లు మార్చుకోవడం. డ్రా కోసం ఆడేవాడికి "పావులు తగ్గితే డ్రాకి దగ్గర" అన్న భ్రమ ఉంటుంది. రూక్ ఎండింగ్‌లో ఒక బంటు తక్కువున్నా చాలాసార్లు డ్రా. రాజు-బంటు ఎండింగ్‌లో అదే ఒక బంటు తక్కువ చాలాసార్లు ఓటమి. రూక్ మార్పిడికి చెయ్యి వేసేముందు, మార్చాక రాజులు ఎక్కడుంటాయో లెక్కేయాలి. మీ పొజిషన్‌లో రూక్‌లు మాయమై తెలుపు రాజు డి6లో, బంటు ఇ5లో, నలుపు రాజు ఇ8లో ఉన్నట్టు ఊహించండి. వంతు ఎవరిదైనా తెలుపే గెలుస్తుంది. సొంత బంటుకి ముందు 6వ వరుసకి చేరిన రాజుని ఆపలేరు.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగింది సరిగ్గా ఈ తరహాదే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్, అప్పటికి స్కోరు 6.5-6.5. తెలుపుతో డింగ్ లిరెన్, నలుపుతో గుకేశ్. రూక్, ఒకే రంగు గడుల బిషప్ చెరొకటి, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. నిలబెట్టుకోదగ్గ ఎండింగ్. 55వ మూవ్‌లో డింగ్ రూ-ఎఫ్2 అని రూక్‌ల మార్పిడికి పిలిచాడు. గుకేశ్ మార్చుకున్నాడు, వెంటనే బిషప్‌ని డి5లో పెట్టాడు. డింగ్ బిషప్ ఎ8 మూలలో ఇరుక్కుని ఉంది, మార్పిడి తప్పించుకునే దారి లేదు. రెండు మార్పిడులూ అయ్యాక మిగిలింది రాజు-బంటు ఎండింగ్. 58...రా-ఇ5కి డింగ్ లొంగిపోయాడు. 7.5-6.5. రూక్‌ని ఎఫ్2లో కాకుండా వేరే చోట ఉంచుకుని ఉంటే టైబ్రేక్‌కి వెళ్ళేది.

దీనికి తలకిందులు కావాలంటే 2018 లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ మొదటి గేమ్. కార్ల్‌సెన్ ఒక బంటు ఎక్కువతో రూక్ ఎండింగ్‌ని 115 మూవ్‌ల దాకా లాగాడు, సుమారు 7 గంటలు. కరువానా వదల్లేదు. ఆ మ్యాచ్‌లో 12 క్లాసికల్ గేమ్‌లూ డ్రాలే, ర్యాపిడ్ టైబ్రేక్‌లో కార్ల్‌సెన్ 3-0. "డ్రా అంటే బోర్" అనేవాళ్ళు ఆ 115 మూవ్‌ల గేమ్‌ని ఒక్కసారి కరువానా వైపు కూర్చుని చూడాలి.

నల్లగడి

అందరికీ థాంక్స్ అండీ. చివరిగా ఒకటి. 64వ మూవ్ దగ్గర క్లెయిమ్ చేసే బదులు మామూలుగా డ్రా ఆఫర్ చేసి ఉంటే 2 నిమిషాలు పోయేవి కాదు కదా?

స్కోర్‌షీట్

పోయేవి కాదు. ఆఫర్ తప్పయ్యేది ఏమీ ఉండదు. పద్ధతి: మూవ్ ఆడాలి, "డ్రా?" అనాలి, గడియారం నొక్కాలి, ఇద్దరూ షీట్ మీద ఆ మూవ్ పక్కన (=) రాసుకోవాలి. మూవ్ ఆడకుండా అడిగినా ఆఫర్ చెల్లుతుంది, కానీ ఎదుటివాడు "ముందు ఆడు, చూస్తా" అనొచ్చు, అప్పుడు మీ మూవ్ చూసి మరీ నిర్ణయించుకుంటాడు. అతను నోటితో కాదన్నా, ఆడే ఉద్దేశంతో పావు ముట్టుకున్నా ఆఫర్ పోయినట్టే. ప్రతి రెండు మూవ్‌లకీ అడుగుతూ ఉంటే మాత్రం విసిగిస్తున్నాడని ఆర్బిటర్‌కి చెప్పే హక్కు అతనికుంది. ఇన్ని మూవ్‌లలోపు డ్రా ఒప్పుకోకూడదని కొన్ని టోర్నమెంట్లు నియమం పెడతాయి, 60 దాటాక అది మిమ్మల్ని ఆపదు.

అయితే ఒక బంటు ఎక్కువున్నవాడు మీ ఆఫర్‌కి ఎందుకు ఒప్పుకుంటాడు? తనకి రిస్క్ లేదు, 71.ఇ6 దాకా లాగి మీరు బి5 చెక్‌లు మొదలుపెడతారేమోనని చూస్తాడు. క్లెయిమ్ అయితే అతని ఒప్పుకోలు అక్కర్లేదు. 63...రూ-హెచ్6 ఆడి ఉంటే, 64.రూ-ఎ7కి షీట్ మీద 64...రూ-బి6 అని రాసి గడియారం ఆపితే సరిపోయేది.